బింగ్ ప్రాణం పోయింది, ఆన్సన్ కుర్చీ మిగిలింది

1757 మార్చి 14న పోర్ట్స్‌మత్ రేవులో ‘మోనార్క్’ యుద్ధనౌక మీద అడ్మిరల్ జాన్ బింగ్‌ను సొంత నావికాదళమే కాల్చి చంపింది. ఫ్రెంచివారు ముట్టడించిన బ్రిటిష్ దీవి మినార్కాను కాపాడటానికి చేయగలిగినదంతా చేయలేదన్నది అభియోగం. ఆయనకు క్షమాభిక్ష ప్రకటించాలన్న వారసుల అర్జీని బ్రిటన్ రక్షణ శాఖ 2007లో తోసిపుచ్చింది. అంతకు ఏడాది ముందే, మొదటి ప్రపంచయుద్ధంలో పిరికితనం, పరారీ వంటి నేరాల కింద కాల్చేసిన 306 మంది సైనికులను చట్టం చేసి మరీ క్షమించారు. మంచి పనే. మరి పిరికివాడు కాడని కోర్టే తేల్చిన మనిషికి ఆ దయ ఎందుకు దక్కలేదు?

ఫ్రాన్స్ రేవు తూలోన్‌లో ఫ్రెంచి నౌకాదళం సిద్ధమవుతోందన్న కబురు లండన్‌కు నెలల ముందే అందింది. నావికాదళ మంత్రి ఆన్సన్ మంచి ఓడలను ఇంటిదగ్గరే ఉంచుకుని, 1756 ఏప్రిల్‌లో పది ఓడలిచ్చి బింగ్‌ను పంపారు. నావికులు వందల్లో తక్కువ. ఓడల్లోని మెరైన్లను (ఓడ మీద పోరాడే సైనికులను) దించేసి, మినార్కా కోటకు చేర్చాల్సిన పదాతి సైనికులను ఎక్కించారు. ఓడ తరఫున పోరాడాల్సింది వాళ్లే, ఒడ్డున దిగాల్సిందీ వాళ్లే! జిబ్రాల్టర్ గవర్నర్ అదనపు బలగం ఇవ్వలేదు. ఆయన ఉద్యోగమూ ఊడింది, మంత్రులది మాత్రం అప్పుడు ఊడలేదు.

మే 20న చెరి 12 ఓడలతో పోరు. ముందు వరస శత్రువుకు ఏటవాలుగా దగ్గరై తూట్లు పడింది. ‘ఇంట్రెపిడ్’ తెరచాప కొయ్య విరిగి, వెనక ఓడలు ఒకదానికొకటి అడ్డుపడ్డాయి. వరస (ఓడలన్నీ ఒకే బారులో సాగాలన్న పద్ధతి) తప్పించి ముందుకురకమని బింగ్ ఎక్కిన ఫ్లాగ్‌షిప్ కెప్టెన్ సూచిస్తే బింగ్ ఒప్పుకోలేదు. కారణముంది. 1744 తూలోన్ పోరులో వరస కుదరకుండానే శత్రువు మీదికి వెళ్లిన అడ్మిరల్ మాథ్యూస్‌ను కొలువు నుంచి తొలగించారు. వరస అంటిపెట్టుకుని దూరంగా ఉండిపోయిన ఆయన కింది అడ్మిరల్ లెస్టాక్‌ను నిర్దోషిగా వదిలేశారు. మాథ్యూస్‌ను విచారించిన కోర్టులో బింగ్ కూడా సభ్యుడే. నావికాదళాన్ని నడిపే అడ్మిరల్టీ శాఖ నేర్పిన పాఠాన్నే ఆయన అప్పజెప్పారు.

నాలుగు రోజులకు జిబ్రాల్టర్‌కు తిరిగిపోవడం బింగ్ తప్పే. మళ్లీ ఒక ప్రయత్నం చేయాల్సింది. అప్పటి చట్టం ప్రకారమే శిక్ష పడిందనే వాదనా ఉంది. ఆ చట్టమేమిటో చూడండి. 1749 సవరణలో నావికాదళ క్రమశిక్షణ చట్టం 12వ అధికరణం నుంచి మరణం తప్ప మిగతా శిక్షలన్నీ ఎత్తేశారు. పిరికితనం లేదు, ద్రోహం లేదు, చేయగలిగినదంతా చేయలేదన్న ఒక్క నేరమే నిలిచింది. కోర్టు సభ్యులంతా ఏకగ్రీవంగా దయ చూపమన్నారు. రాజు రెండో జార్జి వినలేదు. 1779లో పార్లమెంటే ఆ అధికరణాన్ని సడలించింది. నియమం తప్పని ఒప్పుకున్నవారు, దానికి బలైన మనిషిని మాత్రం నేరస్తుడిగానే ఉంచారు.

ఓడ ఎక్కేదాకా ఓడ మల్లయ్య, దిగాక బోడి మల్లయ్య అన్న సామెతకు ఇంతకంటే ఉదాహరణ అక్కర్లేదు. ప్రధాని న్యూకాజిల్ మంత్రివర్గం 1756 నవంబరులో పడిపోయింది నిజమే. కానీ బింగ్‌ను పాతిపెట్టిన కొన్ని నెలలకే న్యూకాజిల్ మళ్లీ ప్రధాని, ఆన్సన్ మళ్లీ నావికాదళ మంత్రి. 1761లో ఆన్సన్‌కు నావికాదళంలో అత్యున్నతమైన అడ్మిరల్ ఆఫ్ ద ఫ్లీట్ హోదా కూడా దక్కింది. 1941లో విమానవాహక నౌక తోడు లేకుండా ‘ప్రిన్స్ ఆఫ్ వేల్స్’, ‘రిపల్స్’ నౌకలను సింగపూర్‌కు పంపారు. ఇది ప్రధాని చర్చిల్ పట్టుబట్టి చేయించిన పని. జపాన్ విమానాలు ఆ రెండు నౌకలనూ ముంచేశాయి. దాదాపు 840 మందితో పాటు వాటిని నడిపించిన అడ్మిరల్ ఫిలిప్స్ సముద్రంలో పోయారు. చర్చిల్ పదవికి ఏమీ కాలేదు. చాలీచాలని బలమిచ్చి పంపినవారు మిగులుతారు, వెళ్లినవారు పోతారు. బింగ్‌ను క్షమించకపోతే ఈ ఆనవాయితీకి ప్రభుత్వమే ముద్ర వేసినట్టు.

పత్రికగా మాకు మరీ మింగుడుపడనిది ఇంకొకటి. బింగ్ పంపిన నివేదికలో తమకు ఇబ్బందైన భాగాలను కత్తిరించి, మిగిలింది ప్రభుత్వ పత్రిక లండన్ గెజిట్‌లో అచ్చువేయించింది అడ్మిరల్టీ. జనం ఆయన దిష్టిబొమ్మలు తగలబెట్టింది అది చదివాకే. రక్షణ శాఖ పెద్దలు చరిత్ర పేరు చెప్పి తప్పించుకోవడం మాని, ఆ అర్జీని మళ్లీ తెరవాలి. కత్తిరించిన వాక్యాలను క్షమాభిక్ష ఉత్తర్వుతో సహా అదే గెజిట్‌లో అచ్చువేయాలి.