దీర్ఘకాలిక నొప్పికి ఉదయపు వెలుగు ఎంతవరకు మందు?

మూడు నెలలు దాటినా వదలని నొప్పిని వైద్యులు దీర్ఘకాలిక నొప్పి అంటారు. మూడు నెలలు కాస్తా మూడేళ్లై, మాత్రలూ పూతలూ వ్యాయామాలూ అన్నీ చూసేసిన మనిషికి ‘రోజూ పొద్దున్నే గంటసేపు ప్రకాశవంతమైన విద్యుద్దీపం ముందు కూర్చోండి’ అని చెబితే, నమ్మకం లేక కొట్టిపారేయవచ్చు, లేదా ఆ పూటే దీపం కొనేయవచ్చు. రెండూ తొందరపాటేనని నా అభిప్రాయం. కాంతిచికిత్స అనే ఈ పద్ధతి వెనుక ఉన్న శరీరధర్మ శాస్త్రం గట్టిది. నొప్పి మీద అది పనిచేస్తుందనే రుజువు మాత్రం ఇంకా పలుచగానే ఉంది. ఈ రెండు సంగతులనూ రోగికి ఒకేసారి, ఒకే గొంతుతో చెప్పాలి.

కంటి రెటీనాలో చూపుకు తోడ్పడే కణాలతో పాటు మెలనాప్సిన్ అనే వర్ణకం ఉన్న గాంగ్లియన్ కణాలు కొన్ని ఉంటాయి. దాదాపు 480 నానోమీటర్ల నీలికాంతికి ఎక్కువగా స్పందించే ఈ కణాలు, తెల్లవారిందన్న కబురును మెదడులోని హైపోథాలమస్ అనే భాగంలో ఉండి నిద్ర, మెలకువల వేళలను నడిపే జీవగడియారానికి చేరవేస్తాయి. నిద్ర లేచాక కంటిలో పడిన వెలుగు ఆ గడియారాన్ని ముందుకు జరిపితే (అంటే నిద్ర పెందలాడే వస్తుంది), రాత్రి పొద్దుపోయాక పడిన వెలుగు వెనక్కి నెడుతుంది. నొప్పి ఉన్నవారికి నిద్ర చెడడం సర్వసాధారణం. నిద్ర చెడిన మర్నాడు అదే నొప్పి మరింత పదునుగా తెలుస్తుంది. ఈ చక్రాన్ని నిద్ర వైపు నుంచి తెంచవచ్చునా అన్నదే పరిశోధకులను ఇటు లాగిన ప్రశ్న.

కాంతిచికిత్సకు వైద్యంలో చోటు దొరికింది కుంగుబాటు వల్ల. 1984లో నార్మన్ రోసెంథాల్ బృందం చలికాలంలో వచ్చే కుంగుబాటును వర్ణించి, దానికి కాంతితో చికిత్స చేసి చూపింది. నొప్పి విషయంలో తరచూ ఉదహరించేది 2005లో వెలువడిన ఒక ఆసుపత్రి అధ్యయనం. వెన్నెముక శస్త్రచికిత్స అయినవారిలో ఎండ ఎక్కువగా పడే వైపు గదుల్లో ఉన్నవారికి, మిగతావారితో పోలిస్తే గంటకు 22 శాతం తక్కువ నొప్పి మందు సరిపోయింది. అయితే అది కోత తర్వాత కొద్ది రోజుల నొప్పి. ఏళ్ల తరబడి సాగే నడుము నొప్పికి దాన్ని నేరుగా అన్వయించలేం. ఇంట్లో చేసుకునే చికిత్సకు దగ్గరగా వచ్చింది అమెరికాలో హెలెన్ బర్జెస్ బృందం చేసిన పని. దీర్ఘకాలిక నడుము నొప్పి ఉన్న 37 మంది మాజీ సైనికులు 13 రోజుల పాటు రోజూ ఉదయం గంటసేపు ఇంట్లోనే వెలుగు తీసుకున్నారు. వారికి నొప్పి తగ్గింది, నిద్ర మెరుగైంది. కానీ పోల్చి చూడడానికి అందులో మరో వర్గం లేదు.

ఆ తర్వాత అదే బృందం ఫైబ్రోమయాల్జియా (ఒళ్లంతా నొప్పులు, అలసట ఉండే దీర్ఘకాలిక జబ్బు) ఉన్నవారిలో కొందరికి ప్రకాశవంతమైన వెలుగునూ, మరికొందరికి మసక వెలుగునూ నాలుగు వారాలు ఇచ్చి చూసింది. రెండు వర్గాల్లోనూ బాధ తగ్గింది. ఈ మొత్తం వ్యవహారంలో నాకు అన్నిటికంటే ముఖ్యంగా కనిపించేది ఈ ఫలితమే. రోజూ ఒకే వేళకు లేవడం, లేచిన వెంటనే గంటసేపు నెమ్మదిగా కూర్చోవడం, ఏదో ఒక మేలు జరుగుతుందన్న ఆశ కలగడం, ఇవన్నీ రెండు వర్గాలకూ సమానంగానే దక్కాయి కాబట్టి, మేలులో దీపం వాటా ఎంతో, దినచర్య వాటా ఎంతో విడదీయడం కష్టం. దీపాలు అమ్మేవారు ఈ మాట చెప్పరు. చెప్పవలసింది వైద్యులే.

పార్శ్వపు తలనొప్పి సంగతి వేరు. ఆ నొప్పి వచ్చినప్పుడు తెల్లని వెలుగే సూదుల్లా గుచ్చుతుంది. అరిజోనా విశ్వవిద్యాలయంలో మొహాబ్ ఇబ్రహీం బృందం 29 మందికి పది వారాల పాటు రోజూ గంట నుంచి రెండు గంటలు ఆకుపచ్చని ఎల్‌ఈడీ వెలుగు ఇచ్చినప్పుడు తలనొప్పి వచ్చే రోజులు బాగా తగ్గాయి. ఆశ కలిగించే ఫలితమే అయినా, తనమీద పడుతున్నది ఏ రంగు వెలుగో రోగికి తెలియకుండా దాచడం సాధ్యం కాదన్నది గుర్తుంచుకోవాలి.

ఇక ఇంట్లో జరిగే పొరపాటు ఒకటి. పదివేల లక్స్ (వెలుగు తీవ్రతకు కొలమానం) అని పెట్టె మీద రాసి ఉన్న దీపం, అంత వెలుగునూ తయారీదారు చెప్పిన దూరంలోనే ఇస్తుంది. అది చాలాసార్లు మూరెడు కూడా ఉండదు. నడుము నొప్పి ఉన్న మనిషి ముందుకు వంగి కూర్చోలేక కుర్చీని వెనక్కి జరుపుకుని, వీపు వెనుక దిండు పెట్టుకుంటాడు. దీపం బల్ల మీద ఉన్నచోటే ఉండిపోతుంది. దూరం రెట్టింపైతే చిన్న దీపం నుంచి కంటికి చేరే వెలుగు దాదాపు నాలుగోవంతుకు పడిపోతుంది. గంటసేపు ఓపికగా కూర్చున్నా అందవలసిన మోతాదు అందదు, పైగా ‘ఇదీ పనిచేయలేదు’ అన్న నిరాశ మిగులుతుంది. నడవగలిగినవారికి ఆరుబయట ఉదయపు నడక కూడా మంచి ప్రత్యామ్నాయం, ఎందుకంటే మబ్బు పట్టిన పగలు సైతం బయటి వెలుగు ఇంటి దీపాల వెలుగును ఎన్నో రెట్లు మించుతుంది. మంచం దిగడమే గగనమైన వారికే దీపం అవసరం ఎక్కువ.

ఉన్మాదం, కుంగుబాటు మారిమారి వచ్చే బైపోలార్ రుగ్మత ఉన్నవారిలో ఈ చికిత్స ఉన్మాద దశను రేపవచ్చు. రెటీనా జబ్బులున్నవారు, కాంతికి చర్మాన్నీ కళ్లనూ సున్నితం చేసే మందులు వాడేవారు వైద్యుణ్ని అడగకుండా మొదలుపెట్టకూడదు.

మొదలుపెట్టేవారు దీపం వెలిగించడానికి ముందు రెండు వారాలు, వెలిగించాక నాలుగు వారాలు, పడుకున్న వేళ, లేచిన వేళ, సున్న నుంచి పది లోపు నొప్పి అంకె రోజూ రాసిపెట్టుకోవాలి. లేచే వేళ మాత్రం మొదటి రోజు నుంచే ఒకటిగా ఉంచుకోవాలి. అంకె ఆ తొలి రెండు వారాల్లోనే దిగడం మొదలైతే, దీపం కొనకముందే ఆలోచించుకోవచ్చు.