పళ్ల మధ్య పెన్ను

ఆ రోజు పొద్దున్నే గట్టి నిర్ణయం తీసుకున్నాను. ఇకమీదట ఏం జరిగినా చిరాకు పడకూడదు, ముఖాన నవ్వు చెదరకూడదు. ఇదే నిర్ణయం ఇంతకు ముందు ఓ పదిహేనుసార్లు తీసుకున్నాను గానీ, ఈసారి నా వెనక సైన్సు ఉంది.

ఫ్రిట్జ్ స్ట్రాక్ అనే జర్మన్ సైకాలజిస్టు తన జట్టుతో కలిసి 1988లో ఒక ప్రయోగం గురించి రాశాడు. పెన్నుని పళ్లతో పట్టుకుంటే మూతి దానంతటదే నవ్వినట్టు సాగుతుంది. పెదాలతో పట్టుకుంటే ముడుచుకుంటుంది. అలా పట్టించి కార్టూన్లు చూపిస్తే, పళ్లతో పట్టుకున్నవాళ్లకి అవి ఎక్కువ నవ్వు తెప్పించాయట. అంటే మూతి ముందు నవ్వితే మనసు వెనకాలే వస్తుందన్నమాట! మనసు మార్చుకోవడం కన్నా పెన్ను వెతుక్కోవడం తేలిక. నేను ఆ వ్యాసం అక్కడిదాకానే చదివాను.

పెన్ను పళ్ల మధ్య ఇరికించుకుని, చెత్తబుట్ట బయట పెడదామని గుమ్మం దాటాను. ఎక్కణ్ణుంచి వచ్చిందో గాలి, వెనక తలుపు ధన్‌మంది. తాళంచెవి లోపల. ఫోన్ లోపల. చెప్పులు కూడా లోపలే. పొయ్యి మీద ఏమీ లేదు, పాజిటివ్‌గా ఆలోచించడానికి దొరికింది అదొక్కటే.

పాత నేనైతే తలుపుని ఒక్క తన్ను తన్నేవాణ్ణి. కొత్త నేను కూడా తన్నాను. చెప్పుల్లేని సంగతి తన్నాక గుర్తొచ్చింది. బాధకి పళ్లు బిగించాను. పళ్ల మధ్య ఏముందో అప్పుడు గుర్తు రాలేదు. ఏదో చిట్లిన చప్పుడైంది. పట్టించుకోలేదు.

చప్పుడుకి పక్కింటి పెద్దాయన బయటికొచ్చారు. "ఏమైంది బాబూ?"

ప, బ, మ అనే అక్షరాలు పెదాలు కలిస్తే తప్ప పలకవని చిన్నప్పుడు బళ్లో చదువుకున్నాం. ఓష్ఠ్యాలంటారు. వాటి విలువ నాకు ఆ రోజు తెలిసింది.

"తలుహు హూసుకుహోయింది," అన్నాను.

"పంటి నొప్పా?"

తల అడ్డంగా ఊపాను.

"నవ్వుతున్నావుగా, ఏదైనా శుభవార్తా?"

పెన్ను తీసేసి మాట్లాడొచ్చు కదా అని మీరు అడగొచ్చు. నిర్ణయమంటే నిర్ణయమే కదండీ.

ఈలోగా ఆయన మనవరాలు తలుపు సందులోంచి తొంగిచూసి, "తాతయ్యా, అంకుల్ మూతి నవ్వుతోంది, కళ్లు ఏడుస్తున్నాయి," అంది. సరిగ్గా ఇదే సంగతి డ్యుషెన్ అనే ఫ్రెంచి డాక్టరు 1862లో పుస్తకంలో రాశాడు. నిజమైన నవ్వులో కంటి చుట్టూ ఉన్న కండరం కూడా కదులుతుందని చెప్పడానికి పాపం ఆయన మనుషుల ముఖాలకి కరెంటు పెట్టాల్సి వచ్చింది. ఈ పిల్లకి తలుపు సందు సరిపోయింది.

ఇక లాభం లేదని పెన్ను తీసి, పెద్దాయన ఫోన్‌తో మా ఆవిడకి చేశాను. అంతా విన్నాక కాసేపు మాట్లాడలేదు.

"తలుపుని తన్నారా?"

"ఛ, లేదు."

"ఏ కాలితో?"

"కుడి."

గంటన్నరలో వస్తానంది. మెట్ల మీద కూర్చుని, ఆ ఫోన్‌లోనే వ్యాసం మిగతా సగం చదివాను. 2016లో 17 ప్రయోగశాలలు అదే పెన్ను ప్రయోగం మళ్లీ చేశాయట. మొత్తం మీద ఆ ప్రభావం కనిపించలేదట. 2022లో 19 దేశాల్లో 3,800 మందికి పైగా పరీక్షించారు. నవ్వు ముఖం మనంతట మనం పెడితే మనసు కాస్త తేలికపడుతుందని తేలింది. పెన్ను సంగతి మాత్రం తేలలేదు.

"ఏమంటున్నారు?" అని అడిగారు పెద్దాయన.

"పెన్ను అక్కర్లేదటండీ."

"అయ్యో," అంటూ నా గడ్డం వైపు చూసి చూపు తిప్పుకున్నారు. ఫోన్ స్క్రీన్ ఆరిపోయి నల్లబడ్డాక గానీ ఆ చూపు నాకు అర్థం కాలేదు. పళ్లు, పెదాలు, గడ్డం, అన్నీ నీలం. గంట నుంచి ఆ అవతారంతోనే ఆయనకి పాజిటివ్ దృక్పథం గురించి బోధిస్తున్నాను. పెద్దమనిషి, ఒక్క మాట అనలేదు.

మా ఆవిడ మెట్లెక్కుతూ ఆగిపోయింది. ముందు నా మూతి చూసింది. తర్వాత వాచిన బొటనవేలు చూసింది. తిట్లకి సిద్ధమయ్యాను. ఆవిడ గోడ పట్టుకుని మెట్టు మీద కూలబడి నవ్వడం మొదలుపెట్టింది. కళ్లవెంట నీళ్లు కారేదాకా నవ్వింది. ఆవిడ అలా నవ్వి ఎన్నాళ్లయిందో. పెద్దాయన కూడా ఇంక ఆపుకోలేకపోయారు. నాకూ వచ్చేసింది.

తాళం తీశాక గుర్తొచ్చింది, చెత్తబుట్ట ఇంకా గుమ్మం బయటే ఉంది.

"ఉండు, కింద పెట్టేసి వస్తా," అన్నాను.

"మీరు కదలకండి," అంది, తలుపుకి కాలు అడ్డం పెట్టి.