ఆకు తిన్నవాడికే తెలుసు ఆకు పేరు

నిరుద్యోగ సమస్య గురించి ఉపన్యాసాలిచ్చేవాళ్ళంతా ఒక వర్గాన్ని పూర్తిగా మరిచిపోయారు. పుట్టుకతోనే వృక్షశాస్త్రంలో ఆరితేరి, జీతం అడగకుండా, ఆదివారం కూడా సెలవు పెట్టకుండా మన మిద్దెల మీదా పెరళ్ళలోనూ పనిచేస్తున్న గొంగళిపురుగుల్ని మనం ఇంకా చీడ అనే అంటున్నాం. వేపనూనె సీసా పట్టుకుని వెంటపడుతున్నాం. కుండీలో ఉన్నది ఫలానా మొక్క అని తేల్చే అధికారాన్ని నర్సరీవాళ్ళ నుంచీ, ఫోన్లో యాప్‌ల నుంచీ, ముఖ్యంగా చుట్టాల నుంచీ లాక్కుని పురుగులకు అప్పగించాలని ప్రభుత్వానికి నా మనవి.

ఇప్పుడున్న పద్ధతి ఎలా ఉందో చూడండి. నర్సరీలో "ఇదేం మొక్కండీ?" అని అడిగితే "ఆల్ సీజన్ సార్" అంటాడు. పేరు చెప్పవయ్యా అంటే "కడియం మాల్ సార్, నిన్న రాత్రే లారీ దిగింది" అని ఊరి పేరు చెప్తాడు. ఇంకోసారి అడిగితే ధర చెప్తాడు. యాప్‌ది మరో తరహా. ఫొటో తీసి పెడితే శాతాలతో సహా జవాబిస్తుంది. అదే కొమ్మను కాస్త ఎండలో తీస్తే జాతి మారుతుంది, వెనకాల ఆరేసిన తువ్వాలు కూడా పడిందంటే ఖండమే మారిపోతుంది. ఇక చుట్టాలు. "మా అత్తగారింట్లో పెరడంతా ఇదే ఉండేది" అని మొదలుపెట్టి, ఆకు నూరి మోకాళ్ళకు పట్టు వేస్తే ఎవరెవరు లేచి నడిచారో చెప్తారు గానీ, పేరు మాత్రం నాలిక చివరే ఉండిపోతుంది.

నందివర్ధనం సంగతే తీసుకుందాం. ఆకు నున్నగా, నిగనిగలాడుతూ ఉంటుంది కాబట్టి పువ్వు లేనప్పుడు దాన్ని యాప్ కాఫీ మొక్క అన్నా అంటుంది. ఇంట్లోవాళ్ళు ఫిల్టర్ కొనే ఆలోచనలో ఉండగా, ఒకరోజు పొద్దున్నే కుండీ చుట్టూ గచ్చు మీద మిరియాలంత నల్లటి ఉండలు కనిపిస్తాయి. ముందు అనుమానం ఎలుకల మీదకు పోతుంది. తలెత్తి చూస్తే కొమ్మల చివర ఆకుల్లేవు, కాడలే ఉన్నాయి. ఎంత వెతికినా తిన్నవాడు మాత్రం కనపడడు. కాస్త ఓపిగ్గా చూస్తే, ఇందాకటి నుంచీ ఆకే అనుకుంటున్నది నెమ్మదిగా కదులుతుంది. వేలంత లావు, ఒళ్ళంతా ఆకుపచ్చ, తోక దగ్గర చిన్న కొమ్ము. పుల్లతో తాకితే తల లోపలికి ముడుచుకుని, మెడ ఉబ్బించి, దాని మీదున్న రెండు నీలి మచ్చల్ని కళ్ళలా చేసి మనల్ని ఉరిమి చూస్తుంది. అవి దొంగ కళ్ళు. అయినా పెద్ద పెద్దవాళ్ళే పుల్ల పారేసి వెనక్కి దూకుతారు.

ఇది పెద్దయ్యాక పచ్చటి రెక్కల చిమ్మట అవుతుంది. ఇంగ్లీషువాళ్ళు దాన్ని ఓలియాండర్ హాక్ మాత్ అంటారు, అంటే గన్నేరు దాని సొంత ఇల్లన్నమాట. గన్నేరూ నందివర్ధనమూ ఒకే కుటుంబం అని మనం కాలేజీలో చదివి పరీక్ష రాసి మరిచిపోయాం. పురుగు పరీక్ష రాయలేదు, మరిచిపోనూ లేదు. గచ్చు మీద ఉండలు పడ్డాయంటే ధ్రువీకరణ పత్రం చేతికొచ్చినట్టే. కాఫీ ఫిల్టర్ కొనక్కర్లేదు.

కరివేపాకు విషయంలో పురుగుల నిజాయితీ ఇంకా గొప్పది. వేప మొలకను కరివేపాకనుకుని తెచ్చి, వాసన రాలేదని రోజూ పుల్లమజ్జిగ పోసే ఇళ్ళున్నాయి. నల్ల రెక్కల మీద లేతపసుపు మచ్చలుండే నిమ్మ సీతాకోకచిలుక ఆ ఇంటి వైపు వచ్చినా ఆ కుండీ మీద గుడ్డు పెట్టదు. ఎందుకంటే అది యాప్ మీద ఆధారపడదు. ఆకు మీద వాలి ముందుకాళ్ళతో టకటకా తట్టి చూస్తుంది. దాని కాళ్ళకే రుచి తెలుస్తుంది. నిమ్మ, నారింజ, కరివేపాకు, మారేడు అన్నీ ఒకటే గోత్రం అని ఆ కాళ్ళకు తెలుసు. మనవాళ్ళు పెళ్ళిచూపుల్లో కూడా అంత జాగ్రత్తగా గోత్రం విచారించరు.

అది పెట్టిన గుడ్డు లోంచి వచ్చే పిల్లది మరో నేర్పు. చిన్నప్పుడు అచ్చం పిట్ట రెట్టలా నల్లగా తెల్లగా ఉండి, ఇంటి ఇల్లాలే "ఛీ" అని పక్కకి తప్పుకునేలా చేస్తుంది. పెరిగాక ఆకుపచ్చగా మారుతుంది. ముట్టుకుంటే తల వెనక నుంచి నారింజ రంగు చీలిక కొమ్ము బయటకు తోసి, ఘాటైన వాసన వదులుతుంది. పోపు కోసం రెండు రెబ్బలు తుంచుకోవడానికి వెళ్ళినవాళ్ళకు ఈ స్వాగతం దొరుకుతుంది. ఆకు కడగకుండా పోపులో వేసే అలవాటు ఆ రోజుతో పోతుంది.

మిగతా శాఖలు టూకీగా చెప్పుకుందాం. నీలం పసుపు చారల పెద్ద మిడత కూర్చుంటే అది జిల్లేడు. పసుపు, తెలుపు సీతాకోకలు చుట్టూ తిరుగుతుంటే రేలో తంగేడో అయ్యుండాలి. మొగ్గ విచ్చకముందే ఊదారంగుకు తిరిగి, పక్కన చిన్న బెజ్జం ఉంటే అది మల్లె. లోపల మొగ్గ తొలిచే పురుగు ఉంది, ఆ పూట జడలోకి పూలు లేవు.

అయితే అన్ని చీడలూ ఈ ఉద్యోగానికి పనికిరావు. పిండినల్లిని ఇంటర్వ్యూకి కూడా పిలవకూడదు. మందార, బొప్పాయి, టమాటా, వంగ, క్రోటన్, దానికి ఏదైనా ఒకటే. పైగా సిఫార్సు మీద బతికే రకం. అది విసర్జించే తేనెలాంటి జిగురు కోసం చీమలు దాన్ని కాపలా కాస్తాయి, తినడానికొచ్చిన అక్షింతల పురుగుల్ని తరిమేస్తాయి. మందార కాండం మీద చీమల బారు పైకీ కిందికీ తిరుగుతుంటే, పైన ఎవరో పెద్దమనిషి కొలువు తీరి ఉన్నాడని అర్థం. బొప్పాయి పిండినల్లి 2008లో కోయంబత్తూరులో బయటపడి దక్షిణాదినంతా గడగడలాడించింది. 2010లో ప్యూర్టోరికో నుంచి చీమ తలంత కూడా లేని ఒక కందిరీగ జాతిని తెప్పించి వదిలితే, అది నల్లి ఒంట్లోనే గుడ్లు పెట్టి లెక్క సరిచేసింది. అన్ని మందులూ కొట్టి అలసిపోయిన చోట పని పూర్తిచేసిన ఆ కందిరీగకు ఎక్కడా శాలువా కప్పినట్టు లేదు.

ఆఫ్రికా నత్తకూ ఉద్యోగం ఇవ్వలేం. 1847లో మారిషస్ నుంచి కలకత్తాకు దాన్ని తెచ్చి వదిలిన బెన్సన్ దొర స్వయానా నత్తల మీద పరిశోధన చేసినవాడే. నిపుణుల చేతిలో పెడితే ఏమవుతుందో చెప్పడానికి ఇంతకంటే సాక్ష్యం అక్కర్లేదు. అది మొక్కలు అయిపోతే గోడ సున్నం కూడా గీకి తింటుంది, గుల్లకి కాల్షియం కావాలి కదా. దాని మీద కోపంతో మనవాళ్ళు కుండీలోకి గుప్పెళ్ళకొద్దీ ఉప్పు చల్లుతారు. నత్త చస్తుంది, తర్వాత మొక్కా చస్తుంది. సాయంత్రం తడి గోనెసంచి కింద బొప్పాయి ఆకులు పెట్టి, పొద్దున్నే చేతికి తొడుగు వేసుకుని ఏరి ఉప్పునీళ్ళ బకెట్లో వేస్తే చాలునన్నది పాత పద్ధతి. కానీ అందులో ఆవేశం లేదు, అందుకే ఎవరికీ నచ్చదు.

ఆవేశం అంటే గుర్తొచ్చింది. చీడ కనపడగానే మన ఇళ్ళలో వంటిల్లు మొత్తం కుండీలోకి తరలిపోతుంది. పసుపు, ఇంగువ, వెల్లుల్లి రసం, టీపొడి, బియ్యం కడిగిన నీళ్ళు, గుడ్డు పెంకులు, నిన్నటి మజ్జిగ. వారం తిరిగేసరికి ఆ కుండీలో మొక్క కంటే పులుసు ఎక్కువ ఉంటుంది. పురుగుకి అజీర్తి చేస్తుందో లేదో గానీ, పక్క ఫ్లాట్‌వాళ్ళకు మాత్రం టెన్షన్ మొదలవుతుంది. లీటరు నీళ్ళకు 5 మిల్లీలీటర్ల వేపనూనె, అది నీళ్ళలో కలవడానికి నాలుగు చుక్కల సబ్బునీళ్ళు వేసి, ఎండ తగ్గాక ఆకు అడుగు భాగం తడిసేలా కొట్టమంటే "అంతేనా?" అని నిరుత్సాహపడతారు. ఆకు పైన కొట్టి, కింద దాక్కున్న నల్లికి గొడుగు పట్టి వస్తారు.

నియామకాల ఉత్తర్వులో ఒక షరతు మాత్రం తప్పకుండా రాయాలి. పురుగు మొక్క పేరు చెప్తుంది, అంతవరకే. వంట సలహా ఇవ్వదు. గన్నేరు ఆకును హాయిగా నమిలే పురుగుని చూసి, సహజాహారం కదా అని మనం నోట్లో పెట్టుకుంటే గుండె ఆగే ప్రమాదముంది. చుట్టాల వైద్యానికి అలవాటుపడిన జాతి కాబట్టి ఈ వాక్యాన్ని పెద్ద అక్షరాల్లో అచ్చువెయ్యాలి.

చివరగా కోతుల దరఖాస్తు. వానలు వాపసు రావాలి, కోతులు వాపసు పోవాలి అంటూ తెలంగాణలో హరితహారం 2015లో మొదలైంది. కోతులకు ఆ కబురు ఇంకా అందినట్టు లేదు, నీళ్ళ ట్యాంకు మూత మీద కూర్చుని జామకాయ కొరుకుతున్నాయి. అనుభవంలో వాటికి సాటి లేరు, కానీ పని తీరే వేరు. మొక్కను రుచి చూడవు, పేరు చెప్పవు. కుండీలోంచి పీకి, వేళ్ళు ఇటూ అటూ తిప్పి చూసి, విసిరేసి పక్క కుండీకి వెళ్తాయి. ఇది శాస్త్రం కాదు, తనిఖీ. ఆ శాఖలో ఇప్పటికే చాలినంతమంది ఉన్నారు.