ఒక్క పైపు, రాత్రంతా గురగుర

హన్మకొండలో అక్వేరియం చేసిచ్చేవాళ్లను ఎవరిని అడిగినా అదే పని. గాజుకు ఒక్క రంధ్రం కొడతారు, పైనీళ్లు కింద సంప్‌లోకి (అక్వేరియం కింద పెట్టే నీళ్ల తొట్టిలోకి) దిగడానికి ఒక్క పైపు దించుతారు, "అయిపోయింది సార్" అంటారు. అందులో నీళ్లూ గాలీ కలిసి దిగుతాయి. రాత్రంతా గురగురమనేది అందుకే.

మూడు పైపులు పెట్టాలయ్యా! ఒకటి గాలి లేకుండా నిండుగా సైఫన్‌లా పారాలి. దానికి తిప్పేకొద్దీ కొంచెం కొంచెంగా తెరుచుకునే గేట్ వాల్వే పెట్టాలి, పావు చుట్టుకే పూర్తిగా తెరుచుకునే బాల్ వాల్వ్‌తో ప్రవాహం సన్నగా సర్దడం కష్టం. మిగిలిన కొద్ది నీళ్లు రెండోదాంట్లో చప్పుడు లేకుండా జారిపోతాయి. మూడోది ఎత్తుగా, ఖాళీగా ఉండాలి. నత్తో ఆకో అడ్డుపడి మొదటిది మూసుకుపోతే హాలును కాపాడేది అదే. ఆ మూడోదాన్నే దండగ అంటారు!

పైగా ఎండకాలం గాలిదుమారం వస్తే కరెంటు పోతుంది. సంప్ నుంచి నీళ్లు పైకి ఎక్కించే పంపు ఆగగానే పైనీళ్లు కొంత సంప్‌లోకి దిగుతాయి. అక్కడ ఆ మేరకు ఖాళీ వదలాలని చెప్పేవాళ్లే లేరు. ఇల్లు తడిసే టెన్షన్ మనకే.

అదనపు పైపులకు డబ్బులిస్తానన్నా "ఎవరూ అడగరు సార్" అంటారు. నేను అడుగుతున్నా కదా!