సవరణ: షేర్‌పాయింట్‌లో తొలగించిన ఫైళ్ల గడువు

కార్యాలయ ఫైళ్లను ఇంటర్నెట్‌లో దాచి పంచుకునే మైక్రోసాఫ్ట్ సేవ షేర్‌పాయింట్ ఆన్‌లైన్‌లో తొలగించిన ఫైలు మొదటి రీసైకిల్ బిన్‌లో 93 రోజులు, అక్కడి నుంచి సైట్ నిర్వాహకుడికి మాత్రమే అందే రెండో దశ బిన్‌లోకి వెళ్లాక మరో 93 రోజులు ఉంటుందని గత టపాలో రాశాను. అది తప్పు, చదివినవారు మన్నించాలి. రెండు దశలకూ కలిపి ఉన్న గడువు 93 రోజులే, అదీ ఫైలును మొదట తొలగించిన రోజు నుంచే లెక్కకు వస్తుంది. ఒక ఉద్యోగి తాను తొలగించిన ఫైలును 80వ రోజున బిన్‌లోంచి కూడా తీసేస్తే, దాన్ని వెనక్కి తేవడానికి సైట్ నిర్వాహకుడికి మిగిలేది 13 రోజులు మాత్రమే.

అప్పుడు నేను అసలు ప్రస్తావించని విషయం ఇంకొకటి ఉంది, నా దృష్టిలో అదే ఎక్కువ ప్రమాదకరం. టీమ్ సైటును (ఒక బృందం ఫైళ్లుండే షేర్‌పాయింట్ సైటు) దాని మైక్రోసాఫ్ట్ 365 గ్రూపుతో (ఆ బృందం సభ్యులను, ఉమ్మడి మెయిల్‌ను, పనులను కలిపి ఉంచేది) సహా తొలగించినప్పుడు, సైటు 93 రోజులు నిలిచి ఉన్నా, గ్రూపును పునరుద్ధరించే అవకాశం 30 రోజులతోనే ముగుస్తుంది. ఆ తరువాత ఫైళ్లు దక్కవచ్చు గానీ, గ్రూపు మెయిల్‌బాక్సు, ప్లానర్‌లోని పనుల పట్టికలు మామూలుగా తిరిగి రావు. నా పాత లెక్కను నమ్మి కార్యాలయ నియమావళిలో చేర్చుకున్నవారు దయచేసి ఈరోజే దిద్దుకోండి.