గడి మారితే కేసు తీరినట్టా?

అమలుకు నోచుకోని డిక్రీలు, అంటే సివిల్ దావాల్లో కోర్టులిచ్చిన తీర్పు ఉత్తర్వులు, దేశంలో ఎన్ని ఉన్నాయో తెలుసుకోవడానికి సుప్రీంకోర్టు ప్రతి హైకోర్టునూ విడిగా అడగాల్సి వచ్చింది. 2025 మార్చిలో ఆదేశిస్తే అక్టోబరుకు తేలిన లెక్క: 8,82,578 ఈపీలు, అంటే డిక్రీని అమలు చేయించమని వేసిన పిటిషన్లు. కర్ణాటక హైకోర్టు అప్పటికీ వివరాలు పంపలేదు. ఏ మూల కోర్టులో ఎన్ని కేసులున్నాయో ఒక్క మీట నొక్కితే తెరమీద కనిపిస్తాయని 2015 నుంచి గొప్పగా చెప్పుకుంటున్న నేషనల్ జ్యుడీషియల్ డేటా గ్రిడ్ ఉండగా ఈ అవస్థ ఏమిటి? ఆ అంకె చూసి జస్టిస్ పార్దీవాలా ధర్మాసనం కలవరపడింది. మా కలవరం అంకె వెనక ఉన్న గడుల గురించి.

కోర్టు సాఫ్ట్‌వేర్‌లో ప్రతి కాగితానికీ ఒక గడి ఉంటుంది. ఫైలింగ్ సెక్షన్ ఉద్యోగి కాగితాలు తిరగేసి, తెరమీద జారే జాబితాలోంచి ఓఎస్ (అసలు దావా), ఈపీ, ఓపీ (విడి పిటిషన్), ఐఏ (దావా నడుమ పెట్టే దరఖాస్తు) అంటూ ఏదో ఒకటి నొక్కుతారు. ఆ నొక్కుతోనే అది కేసో, కేసులో దరఖాస్తో ఖాయమైపోతుంది. కేసు ముగిసిందని చెప్పడానికీ ఒక గడి ఉంది. దాని పేరు ‘డిస్పోజ్డ్’. చిక్కంతా అక్కడే.

పంపకాల దావానే చూడండి. ఎవరికి ఎన్నో వంతో చెబుతూ కోర్టు ప్రాథమిక డిక్రీ ఇస్తుంది. చాలాచోట్ల ఆ రోజే ఓఎస్ నంబరు డిస్పోజ్డ్ గడిలో పడుతుంది. చేలో గట్టు మాత్రం అంగుళం కదలదు. కోర్టు నియమించిన కమిషనర్ రావాలి, టేపు పట్టాలి, బావి ఎవరి వాటాలో పడిందో తేల్చాలి, తుది డిక్రీ రావాలి. ఇంత తతంగానికీ మన కోర్టుల్లో దక్కే హోదా ఒక ఐఏ. ఆపైన స్వాధీనం కోసం ఈపీ, దానికి మళ్లీ కొత్త నంబరు. అన్నదమ్ముల తగాదా ఎక్కడిదక్కడే ఉంటుంది, లెక్కల్లో మాత్రం ఒక దావా తీరిపోయి ఉంటుంది.

శుభ్ కరణ్ బుబ్నా పంపకాల కేసులో ప్రాథమిక డిక్రీ వచ్చింది 1964లో. తుది డిక్రీకి దరఖాస్తు పెట్టింది 1987లో. ఆ దరఖాస్తుకు కాలదోషం పట్టిందా లేదా అన్న ఒక్క ప్రశ్న తేలేసరికి 2009 వచ్చింది. ప్రాథమిక డిక్రీతో దావా ముగిసినట్టు భావించవద్దని సుప్రీంకోర్టు అప్పుడే హితవు చెప్పింది. 2022లో ఒక కేరళ కేసులో మళ్లీ అదే మాట చెప్పింది, కక్షిదారులు అడిగేదాకా ఆగకుండా కోర్టులే తుది డిక్రీ విచారణకు తేదీ వేయాలంది. మొదటిసారి చెప్పింది చెవికెక్కితే రెండోసారి ఎందుకు చెబుతారు?

రాష్ట్రానికో రూల్స్ పుస్తకం ఉంది, మన ఓఎస్ మహారాష్ట్రలో ఆర్‌సీఎస్ అవుతుంది, అందర్నీ ఒకే మూసలో పోయలేమన్న వాదన ఉంది. నిజమే, పేర్లు ఎన్నయినా పెట్టుకోండి. తగాదా తీరిందా లేదా అన్నదానికి మాత్రం రాష్ట్రానికో జవాబు ఉండకూడదు. ఒక్కో హైకోర్టు ఒక్కో తీరుగా కేసులు లెక్కిస్తోందని, కొన్నిచోట్ల ఐఏలు, ట్రాఫిక్ చలాన్లు కూడా కేసుల ఖాతాలో చేరుతున్నాయని లా కమిషన్ 2014లోనే తన 245వ నివేదికలో ఎత్తిచూపింది. ఒకచోట చలానా కూడా కేసే, మరోచోట ముగియని దావా కూడా ముగిసినట్టే!

కింది కోర్టు జడ్జీల పనితీరును పరిష్కారాల లెక్కతో కొలుస్తున్నంత కాలం డిస్పోజ్డ్ గడి మీద మోజు ఎవరికి తగ్గుతుంది? కోర్టుల కంప్యూటరీకరణకు పెట్టిన ఈ-కోర్టుల పథకం మూడో దశకు కేంద్రం 7,210 కోట్ల రూపాయలు కేటాయించింది. అందులో 2,038 కోట్ల రూపాయలు 3,108 కోట్ల పత్రాల డిజిటలీకరణకే. రిజిస్టర్లో తప్పుగా రాసినదాన్ని ఇంత ఖర్చుపెట్టి కంప్యూటర్‌కెక్కిస్తే అది తప్పు కాకుండా పోతుందా? రిజిస్టర్ నాటి అబద్ధాన్ని కనీసం బూజు దులిపి పట్టుకోగలిగేవాళ్లం. తెరమీద రంగురంగుల పటాల్లో కనిపించే అబద్ధాన్ని పార్లమెంటులో మంత్రులు చదివి వినిపిస్తారు.

ప్రాథమిక డిక్రీ దగ్గర ఆగిపోయిన దావాలకు విడిగా ఒక గడి పెట్టడానికి కొత్త చట్టం అక్కర్లేదు, కొత్త జడ్జీలూ అక్కర్లేదు. ఈ కంప్యూటరీకరణను నడిపించే సుప్రీంకోర్టు ఈ-కమిటీ తలచుకుంటే చాలు. తమ పరిధిలో అలాంటి దావాలు ఎన్ని ఉన్నాయో తెలంగాణ, ఆంధ్రప్రదేశ్ హైకోర్టులు నెల రోజుల్లో ప్రకటించాలి. సాఫ్ట్‌వేర్‌లో ఆ గడి లేదు కాబట్టి చెప్పలేమంటారా? పెట్టకుండా ఇన్నేళ్లు కూర్చున్నది ఎవరు?