కుర్చీలో కూర్చుని చేయొచ్చా అని అడిగింది మా అమ్మ, అంతే

పొద్దున ఆరున్నరకి జరిగింది. ఇప్పుడు రాత్రి తొమ్మిది దాటింది, నాకు కోపం ఇంకా తగ్గలేదు.

మా కాలనీ కమ్యూనిటీ హాల్లో కొత్తవాళ్ళకి యోగా అని పది రోజుల క్లాసు పెట్టారు. అమ్మని నేనే బతిమాలి తీసుకెళ్ళాను. అమ్మకి 61 ఏళ్ళు. మోకాళ్ళ నొప్పులు, బీపీకి రోజూ ఒక మాత్ర. రాత్రి నుంచే టెన్షన్ ఆవిడకి. కాఫీ తాగి వెళ్ళొచ్చా, చీరలో చేయనిస్తారా, దుప్పటి తీసుకెళ్ళాలా అని నన్ను అడుగుతూనే ఉంది. చివరికి నా పాత పంజాబీ డ్రెస్ వేసుకుంది. నాకు ఊహ తెలిసినప్పటి నుంచి అమ్మ చీర కాకుండా ఇంకో బట్టతో గడప దాటడం చూడలేదు. లిఫ్టులో చున్నీ నాలుగుసార్లు సర్దుకుంది.

హాల్లో నలభై మంది దాకా ఉన్నారు. మాస్టారు అందర్నీ బాసింపట్టు వేసుకుని కూర్చోమన్నాడు. అమ్మ నిలబడే ఉంది. "బాబూ, నాకు మోకాళ్ళు వంగవు, కుర్చీలో కూర్చుని చేయొచ్చా?" అని అడిగింది. అతను మైకులోనే, "కుర్చీలో కూర్చోడానికైతే ఇక్కడిదాకా ఎందుకు ఆంటీ, ఇంట్లో టీవీ ముందు కూర్చోవచ్చు కదా" అన్నాడు. అందరూ నవ్వారు. మా పక్కింటావిడ కూడా నవ్వింది. అమ్మ కూడా నవ్వింది. అదే నేను తట్టుకోలేకపోతున్నాను. తనని చూసి నలుగురు నవ్వితే తను కూడా నవ్వేసి గోడ పక్కకి జరిగి నిలబడటం ఆవిడకి అలవాటైపోయింది.

ఆ హాల్లో పొద్దున ఎవరైనా సరైన ప్రశ్న అడిగారంటే అది మా అమ్మే. పతంజలి సుమారు రెండు వందల యోగసూత్రాల్లో ఆసనం గురించి చెప్పినవి మూడంటే మూడు. అందులో మొదటిది "స్థిరసుఖమాసనం". కదలకుండా, సుఖంగా కూర్చోగలిగితే అది ఆసనం. ఆ సుఖం మా అమ్మకి కుర్చీలో దొరుకుతుంది. యోగా గురువు బి.కె.ఎస్. అయ్యంగార్ పేరు ఆ మాస్టారు విని ఉండడా? 1918లో పుట్టిన మనిషి. చిన్నప్పుడు మలేరియా, టైఫాయిడ్, క్షయ అన్నీ పట్టి పీల్చేస్తే, బక్కచిక్కిన ఒంటితో మైసూరులో బావగారు కృష్ణమాచార్య దగ్గర నేర్చుకోవడం మొదలుపెట్టారు. ఒళ్ళు సహకరించకపోతే ఎలా ఉంటుందో తెలిసినవారు కాబట్టే తాడు, బెల్టు, చెక్కదిమ్మ, మడత కుర్చీ, ఏది పనికొస్తే అది తెచ్చి వాడారు. అవును, కుర్చీయే. ప్రపంచమంతా ఆయన పద్ధతి నేర్పేవాళ్ళు ఈరోజుకీ కుర్చీ వేసి నేర్పుతున్నారు. మా కాలనీలో మాత్రం కుర్చీ అడిగితే నవ్వు.

మోకాలు తలుపు బందులాంటిది. ముందుకీ వెనక్కీ ఆడటమే దాని ప్రధానమైన పని. పద్మాసనానికి కావలసిన తిప్పుడంతా తుంటి కీలు దగ్గర రావాలి. తుంటి బిగుసుకుపోయినవాళ్ళు పాదాన్ని లాగి తొడ మీద పెడితే ఆ మెలి అంతా మోకాలి మీద పడుతుంది. నలభై ఏళ్ళు గ్యాస్ స్టవ్ ముందు నిలబడిన మోకాళ్ళు అవి. బలవంతంగా మడిస్తే ఏమవుతుందో నేర్పేవాడికి తెలియాలా వద్దా?

అసలు భయపడాల్సింది ఇంకోటి ఉంది. చేరేటప్పుడు ఇచ్చిన ఫారంలో పేరు, ఫ్లాట్ నంబరు, వాట్సాప్ నంబరు, టీషర్టు సైజు అడిగారు. టీషర్టు సైజు! బీపీ ఉందా అని అడగలేదు. గుండె జబ్బు ఉందా, ఈమధ్య ఆపరేషన్ ఏదైనా అయిందా, కళ్ళలో గ్లకోమా ఉందా, కడుపుతో ఉన్నారా, ఒక్కటీ లేదు. కూర్చున్న పది నిమిషాలకే అందరి చేతా కపాలభాతి, అంటే పొట్ట లోపలికి లాగుతూ ఊపిరి గబగబా బయటికి కొట్టడం, మొదలుపెట్టించి, ఇంకా స్పీడుగా, ఇంకా స్పీడుగా అంటున్నాడు. బీపీ అదుపులో లేనివాళ్ళు కపాలభాతి, ఊపిరి బిగబట్టడం, తలకిందుల ఆసనాలు చేయకూడదని ఎవరైనా మొదటిరోజే చెప్పాలి. నేను అమ్మ చేయి పట్టుకుని బయటికి తీసుకొచ్చేశాను. మెట్లు దిగుతూ అమ్మ అన్న మాట, "అనవసరంగా అడిగానే, నీ పరువు తీశాను." నా పరువట.

పోయిన ఏడాది ఇదే హాల్లో, రాష్ట్ర ప్రభుత్వం పెట్టిన యోగా కార్యక్రమం, యోగాంధ్ర అని ఎంత సందడి చేశారు! 2025 జూన్ 21న విశాఖలో ఆర్కే బీచ్ నుంచి భోగాపురం దాకా 3 లక్షల మంది ఒకేసారి చేశారు, గిన్నిస్ రికార్డు వచ్చింది. టీవీలో చూస్తే నాకూ ఒళ్ళు పులకరించింది. 2014లో ఐక్యరాజ్యసమితి జూన్ 21ని యోగా దినోత్సవం అని ప్రకటించినప్పుడు కూడా మనదే కదా అని మురిసిపోయినదాన్నే. కానీ జూన్ 22న పొద్దున భయపడుతూ వచ్చిన ఒక పెద్దావిడకి ఎవరు జవాబు చెప్తారు? మూడు లక్షల మందికి చాపలు వేయగలిగిన ఊళ్ళలో ఒక్క కుర్చీ వేయలేరా?

ఇది ఇవాళ్టి కోపం మాత్రమే కాదు. నాకు 22 ఏళ్ళప్పుడు హాస్టల్ దగ్గర ఒక యోగా క్లాసులో చేరాను. నెలసరి రోజుల్లో చేయొచ్చా అండీ అని అడిగాను. ఆయన మొహం పక్కకి తిప్పుకుని, "అవి ఇంట్లో పెద్దవాళ్ళని అడగమ్మా" అన్నారు. ఆ నెల నుంచి నేను వెళ్ళలేదు. దానికి జవాబు రెండు ముక్కలు. తలకిందుల ఆసనాలు, పొట్ట మీద గట్టిగా ఒత్తిడి పడేవి ఆ రోజుల్లో వద్దంటారు మన గురువులు. ఒంట్లో బాగుంటే మెల్లగా ఒళ్ళు సాగదీసేవి, శవాసనం, మామూలు శ్వాస చేసుకోవచ్చు, నొప్పిగా ఉంటే పడుకోవచ్చు. అంతే. ఆ రెండు ముక్కలు చెప్పడానికి సిగ్గెందుకు? అలా ఎంతమంది ఆడపిల్లలు మొదట్లోనే మానేసి ఉంటారో.

ఒళ్ళు వంగదు, నాకు యోగా పనికొస్తుందా అని అడిగేవాళ్ళని చూసి కూడా నవ్వుతారు. వంగని ఒంటికే కదా అది కావాలి! వేళ్ళు పాదాలకి అందకపోతే మోకాళ్ళు కొంచెం వంచుకోండి. ముందుకి వంగేటప్పుడు ఊపిరి వదలండి, లేచేటప్పుడు తీసుకోండి, తికమకపడితే ఊపిరి మాత్రం బిగబట్టకండి. సాగినట్టు అనిపిస్తే సరే, పొడిచినట్టు అనిపిస్తే ఆపేయండి. నున్నటి టైల్స్ మీద జంపకానా వేసుకుని నిలబడి చేయకండి, జారుతుంది, ఉత్త కాళ్ళతో గచ్చు మీద నిలబడ్డా మేలే.

ఇంక ఎప్పుడు చేయాలి అన్న ప్రశ్న. దీనికి ప్రతివాళ్ళూ చెప్పేది తెల్లవారుజామున, ఖాళీ కడుపుతో, ప్రశాంతంగా అని. నాకు ఈ జవాబు వింటే ఒళ్ళు మండుతుంది. తెల్లవారుజామున మా అమ్మకి ప్రశాంతత ఎక్కడిది? ఐదింటికి పాల ప్యాకెట్లు, ఐదున్నరకి మున్సిపల్ నీళ్ళు, ఆరింటికి నాన్నకి కాఫీ, తర్వాత టిఫిను, మా అన్నయ్యకి బాక్సు. మా నాన్న ఇరవై ఏళ్ళుగా పొద్దున్నే గంటసేపు వాకింగ్ చేస్తారు. ఒక్కరోజు మానలేదు, అందరూ మెచ్చుకుంటారు. తిరిగొచ్చేసరికి కాఫీ గ్లాసు బల్ల మీద ఉంటుంది. ఆ గంట ఆయనకి ఎక్కడ నుంచి వచ్చిందో ఎవరూ అడగలేదు. నేనూ ఇన్నేళ్ళూ అడగలేదు. ఇవాళ మేం తొందరగా తిరిగొచ్చేస్తే నాన్న అన్న మొదటి మాట, "అప్పుడే అయిపోయిందా, మంచిదైంది, ఇంకా కాఫీ తాగలేదు."

సాయంత్రం కూడా చేసుకోవచ్చు. మధ్యాహ్నం భోజనం అయ్యి మూడు నాలుగు గంటలు గడిస్తే చాలు. పావుగంటతో మొదలుపెట్టొచ్చు. ఇది ఎవరైనా అమ్మకి ఇరవై ఏళ్ళ క్రితం చెప్పి ఉంటే!

ఇందాక గిన్నెలు సర్దుతూ అమ్మ మెల్లిగా నా దగ్గరికొచ్చి, "తిన్నాక కూడా వజ్రాసనం వేయొచ్చటగా, నిజమేనా?" అని అడిగింది. నిజమే, కానీ మోకాళ్ళు పూర్తిగా మడిచి మడమల మీద కూర్చోవాలి, నీ మోకాళ్ళకి వద్దమ్మా అన్నాను. అయితే ఏది చేయొచ్చు అంది. పొద్దున అంత జరిగాక కూడా అడిగింది.

డైనింగ్ టేబుల్ దగ్గర ఉన్న కుర్చీ ఒకటి తెచ్చి పడకగదిలో గోడకి ఆనించి పెట్టాను. రేపు సాయంత్రం ఐదింటికి ఇద్దరం మొదలుపెడుతున్నాం. ఐదింటి టీ నాన్నే పెట్టుకుంటారు. చెప్పేశాను.